భాజకాలు, బైనరీ అంకెలు కలిపి సొంత అనుక్రమం కట్టడం: మొదటి పట్టిక నుంచి నిరూపణ దాకా

12ను శేషం లేకుండా భాగించే సంఖ్యలు, అంటే దాని భాజకాలు, ఆరు: 1, 2, 3, 4, 6, 12. వాటిని బైనరీలో, అంటే 0, 1 అనే రెండు అంకెలతోనే రాస్తే 1, 10, 11, 100, 110, 1100. వీటిలో ఉన్న ఒకట్లన్నీ లెక్కపెడితే తొమ్మిది. ఇదే పని 1 నుంచి మొదలుపెట్టి ప్రతి సంఖ్యకూ చేసుకుంటూ పోతే 1, 2, 3, 3, 3, 6, 4, 4, 5, 6, 4, 9, 4, 8, 9, 5 అని ఒక అనుక్రమం వస్తుంది. కాగితం, పెన్సిల్ ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా దీన్ని రాయగలరు. అయితే ఇందులో ఏది నియమం, ఏది కాకతాళీయం అని తేల్చడానికి అసలైన గణితం కావాలి.

భాజకాలు గుణకారానికి చెందినవి. బైనరీ అంకెలు కూడికకు చెందినవి. 13ను 1101 అని రాస్తున్నామంటే 8, 4, 1 కూడితే 13 అని చెబుతున్నామన్నమాట. ఈ రెండు లోకాలకూ మామూలుగా పొత్తు కుదరదు. రెండు సంఖ్యలను గుణిస్తే లబ్ధంలో ఎన్ని ఒకట్లు వస్తాయో ముందే చెప్పే తేలికైన సూత్రమేదీ లేదు. పొత్తు కుదిరే చోటు ఒక్కటుంది: 2తో గుణించడం. బైనరీలో అది చివర ఒక సున్న చేర్చడమే, ఒకట్ల లెక్క మారదు. ఈ మార్గదర్శిలో మనం నిరూపించబోయేవాటిలో చాలావరకు ఆ సున్న మీదే నిలబడతాయి. ఇలాంటి అనుక్రమం కట్టేటప్పుడు మొదట వెతకాల్సింది కూడా అదే.

మొదటి మెట్టు: చేత్తో పట్టిక

కంప్యూటర్ తెరవడానికి ముందు కనీసం 16 దాకా చేత్తో రాయండి. తర్వాత ప్రోగ్రాం తప్పుందో ఒప్పుందో తేల్చేది ఈ పట్టికే.

బైనరీలో రాయడానికి 2తో భాగిస్తూ శేషాలు రాసుకోవాలి. 13ను భాగిస్తే 6, శేషం 1; 6ను భాగిస్తే 3, శేషం 0; 3ను భాగిస్తే 1, శేషం 1; 1ని భాగిస్తే 0, శేషం 1. శేషాలను కిందినుంచి పైకి చదివితే 1101. ఒకట్ల లెక్క ఒక్కటే కావాలంటే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. సరి సంఖ్యలో ఎన్ని ఒకట్లుంటాయో దాని సగంలోనూ అన్నే ఉంటాయి. బేసి సంఖ్యకైతే దానికి ముందున్న సరి సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ. ఈ రెండు నియమాలతో 1 నుంచి 16 దాకా వరసగా నింపేయొచ్చు: 1, 1, 2, 1, 2, 2, 3, 1, 2, 2, 3, 2, 3, 3, 4, 1.

భాజకాలను (బడిలో కారణాంకాలు అని నేర్చుకున్నవే) జంటలుగా వెతకాలి. 60కి 1–60, 2–30, 3–20, 4–15, 5–12, 6–10. 60 వర్గమూలం 8 లోపే కాబట్టి 7ను కూడా చూసి ఆపేయొచ్చు. మొత్తం పన్నెండు. 36 లాంటి వర్గ సంఖ్యల్లో 6 తనకు తానే జంట, దాన్ని ఒక్కసారే లెక్కపెట్టాలి. చేతిలెక్కలో ఎక్కువగా తప్పు దొర్లేది ఇక్కడే.

ఇకపై ఒకట్లు(13) = 3 అనీ, ఒక సంఖ్య భాజకాలన్నిటిలోని ఒకట్ల కూడికను మొత్తం(12) = 9 అనీ రాస్తాను.

ఒక మాట. రెండే గుర్తులతో వరసలు కట్టడం మన ఛందస్సులో ఎప్పటినుంచో ఉన్నదే. యమాతారాజభానసలగం అని బట్టీపట్టినవాళ్లకు మూడక్షరాల గణాలు ఎనిమిదని తెలుసు. ప్రాచీన ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి ప్రస్తార క్రమం (గణాలను వరసగా పరిచే పద్ధతి) మ, య, ర, స, త, జ, భ, న. గురువును 0 అనీ లఘువును 1 అనీ తీసుకుని, ఎడమ చివరి అక్షరానికి విలువ 1, నడిమిదానికి 2, కుడిదానికి 4 ఇచ్చి చూడండి. మగణం 0, యగణం 1, రగణం 2, అలా నగణం 7 దాకా సరిగ్గా వరసలో వస్తాయి. జగణం లఘువు, గురువు, లఘువు కాబట్టి 1 + 4 = 5, 0 నుంచి లెక్కిస్తే వరసలో దాని చోటూ అదే. ఒక గణంలో లఘువులెన్ని అని అడగడమంటే ఒకట్లు ఎన్ని అని అడగడమే.

రెండో మెట్టు: నిర్వచనం బిగించడం

నిర్వచనంలో సందు ఉంటే ఇద్దరు రెండు అనుక్రమాలు రాస్తారు. కింది ప్రశ్నలకు ముందే జవాబు రాసి పెట్టుకోండి.

అనుక్రమం 0 నుంచా, 1 నుంచా? భాజకాలున్న చోట 1 నుంచే, ఎందుకంటే 0ను అన్ని సంఖ్యలూ భాగిస్తాయి. భాజకాల్లో 1ని, ఆ సంఖ్యను కలుపుతున్నామా లేదా? బైనరీలో ఎడమవైపు సున్నలు రాస్తామా? ఒకట్లు లెక్కపెడుతుంటే ఆ సున్నలతో పేచీ లేదు, సున్నలు లెక్కపెడుతుంటే కొంప మునుగుతుంది. చివరిది, మీకు ప్రతి సంఖ్యకూ ఒక విలువ కావాలా, లేక ఒక లక్షణం ఉన్న సంఖ్యలను ఏరి పెట్టడం కావాలా? మొదటి రకంలో మొత్తం(1), మొత్తం(2) అని విలువలు వస్తాయి. రెండో రకం జల్లెడ, దాన్ని ఆరో మెట్టులో చూద్దాం.

మూడో మెట్టు: నియమం ఊహించడం, విరగ్గొట్టడం, మిగిలింది నిరూపించడం

ఈ మెట్టు మీద ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు.

పట్టికలో ముందు 2 ఘాతాలను చూడండి. మొత్తం(2) = 2, మొత్తం(4) = 3, మొత్తం(8) = 4, మొత్తం(16) = 5. కారణం తేలికే: 16 భాజకాలు 1, 10, 100, 1000, 10000, ఒక్కోదాంట్లో ఒక్క ఒకటి. బేసి ప్రధాన సంఖ్యకు భాజకాలు రెండే కాబట్టి మొత్తం = 1 + దాని ఒకట్లు. 

తర్వాత మొత్తం(3) = 3, మొత్తం(6) = 6, మొత్తం(12) = 9, మొత్తం(24) = 12. మూడేసి పెరుగుతోంది. 5తో 3, 6, 9. 7తో 4, 8, 12. ఊహ ఇలా రాసుకోవచ్చు: ఒక బేసి సంఖ్యను 2తో క సార్లు గుణిస్తే, మొత్తం (క + 1) రెట్లవుతుంది.

నిరూపణ: బేసి సంఖ్య భాజకాలన్నీ ఒక వరసలో రాయండి. ఆ సంఖ్యను 2తో క సార్లు గుణించగా వచ్చినదాని భాజకాలంటే, ఈ వరసలోని ప్రతి భాజకం వెనక 0 నుంచి క దాకా ఎన్ని సున్నలైనా చేర్చగా వచ్చేవే. అలాంటి వరసలు క + 1. సున్నలు చేర్చినందువల్ల ఒకట్లు మారవు కాబట్టి ప్రతి వరసలోనూ అదే కూడిక. అంతే. ఇక సరి సంఖ్యల గురించి విడిగా ఆలోచించే పని లేదు, బేసి సంఖ్యల విలువలు తెలిస్తే చాలు.

ఇక్కడ ఉత్సాహం ఒక అడుగు ముందుకు తోస్తుంది. మొత్తం(3) = 3, మొత్తం(5) = 3, మొత్తం(15) = 1 + 2 + 2 + 4 = 9. మూడు మూళ్లు తొమ్మిది! భాజకాల సంఖ్య, భాజకాల కూడిక లాంటి పేరున్న ప్రమేయాలకు ఉమ్మడి కారణాంకం లేని రెండు సంఖ్యల మీద ఇలా గుణించుకుపోయే గుణం ఉంది కాబట్టి, దీనికీ ఉందనిపిస్తుంది. లేదు. 21 చూడండి: 1, 11, 111, 10101, అంటే 1 + 2 + 3 + 3 = 9. గుణకారం నిజమైతే 3 × 4 = 12 రావాలి. 33 ఇంకా దూరం: 1 + 2 + 3 + 2 = 8, రావాల్సింది 12. 15 దగ్గర కుదిరింది కాకతాళీయం. ఇలాంటి అనుక్రమాల్లో ఒక ఉదాహరణ చూసి నియమం రాసేయడం కన్నా ప్రమాదం లేదు. కనీసం నాలుగైదు బేసి లబ్ధాలతో పరీక్షించాకే నమ్మండి.

నాలుగో మెట్టు: ప్రోగ్రాం

కొత్తవాళ్లు రాసే పద్ధతి: ప్రతి సంఖ్యకూ 1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటితో భాగించి చూడటం. 10 లక్షల దాకా ఇలా వెళితే దాదాపు 50 వేల కోట్ల భాగహారాలు. దీన్ని తిరగేయండి. 10 లక్షల గదులున్న వరసను సున్నలతో నింపి, ప్రతి సంఖ్యనూ భాజకంగా తీసుకుని, దాని ఒకట్ల లెక్కను దాని గుణిజాల గదులన్నిటికీ కలపండి. 1 ప్రతి గదికీ వెళుతుంది, 2 ప్రతి రెండో గదికి, 3 ప్రతి మూడో గదికి. మొత్తం కూడికలు దాదాపు 1.4 కోట్లే. మామూలు ల్యాప్‌టాప్ మీద ఇది చిటికెలో పని.

ఒకట్ల లెక్కకు పైథాన్ 3.10 నుంచి పూర్ణాంకాలకే సొంత మెథడ్ ఉంది, దాని పేరు బిట్ కౌంట్. అంతకుముందు వెర్షన్లలో బైనరీ స్ట్రింగుగా మార్చి '1'లు లెక్కపెట్టుకోవచ్చు. సీ లాంటి భాషలో అయితే ఒక సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువైనదానితో బిట్‌వైజ్ అండ్ (రెండింటిలోనూ ఒకటి ఉన్న చోటే ఒకటి ఉంచడం) చేయండి, కుడివైపు చివరి ఒకటి పోతుంది. సున్న వచ్చేదాకా ఎన్నిసార్లు చేశారో అదే జవాబు. సంఖ్యా సిద్ధాంతం చేసేవాళ్లు ఇష్టపడే పారీ/జీపీ అనే సాఫ్ట్‌వేర్‌లో భాజకాల మీద కూడే ఫంక్షను, ఒకట్లు లెక్కపెట్టే హామింగ్ వెయిట్ ఫంక్షను రెండూ సిద్ధంగా ఉంటాయి కాబట్టి మొత్తం నిర్వచనం ఒక్క వాక్యంలో అయిపోతుంది.

ప్రోగ్రాం ఇచ్చిన మొదటి 16 విలువలను చేతి పట్టికతో సరిచూసుకోండి. ఆ తర్వాత మూడో మెట్టులో నిరూపించిన నియమాన్ని అన్ని సరి సంఖ్యల మీదా నడిపించండి. ఎక్కడైనా తప్పితే తప్పు ప్రోగ్రాందే.

ఐదో మెట్టు: అనుక్రమాన్ని ప్రశ్నలడగడం

విలువలు చేతికొచ్చాక ఏం అడగాలి? నాకు ఎప్పుడూ పనికొచ్చే ప్రశ్నలు రెండు.

ఒకటి, రికార్డులు. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటినీ దాటిన విలువ ఎక్కడెక్కడ వస్తుంది? మన అనుక్రమంలో 60 దాకా 1, 2, 3, 6, 12, 18, 24, 30, 60 దగ్గర వస్తుంది. దీని పక్కన శ్రీనివాస రామానుజన్ 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో వచ్చిన పెద్ద వ్యాసంలో పరిశీలించిన అత్యధిక భాజకాల సంఖ్యలను పెట్టండి: 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60. ఇవి భాజకాల సంఖ్యలో రికార్డులు. రెండు జాబితాలూ దగ్గరదగ్గరగానే ఉన్నా మనదాంట్లో 4, 36, 48 లేవు. 3, 18, 30 కొత్తగా చేరాయి. 36కు తొమ్మిది భాజకాలున్నా దాని బేసి భాగం (2లన్నీ తీసేస్తే మిగిలేది) 9. 1, 11, 1001లలో ఒకట్లు ఐదే, మూడు వరసలకు 15. 30కి భాజకాలు ఎనిమిదే అయినా దాని బేసి భాగం 15. అందులో 1111 అనే నిండు సంఖ్య ఉంది, తొమ్మిది రెండ్లు 18. భాజకాలు ఎన్ని అన్నదొక్కటే కాదు, అవి ఎంత నిండుగా ఉన్నాయన్నదీ లెక్కలోకి వస్తోంది.

రెండు, స్థిర బిందువులు. ఏ సంఖ్యకు మొత్తం ఆ సంఖ్యే అవుతుంది? 1, 2, 3, 6. ఇంకా ఉన్నాయా? లక్షల దాకా వెతికి లేవని చెప్పడం నిరూపణ కాదు. కానీ ఇక్కడ నిరూపణ చేతికి అందే ఎత్తులోనే ఉంది. భాజకాలు జంటలుగా వస్తాయి, ప్రతి జంటలోనూ చిన్నది వర్గమూలాన్ని దాటదు. అందువల్ల మొత్తం భాజకాలు వర్గమూలానికి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండవు. ఒక్కో భాజకంలో ఒకట్లు ఆ సంఖ్య బైనరీ పొడవును దాటవు. 512 వర్గమూలం 22.7 లోపే, పొడవు 10 అంకెలు. 2 × 22.7 × 10 = 454, అది 512 కన్నా తక్కువ. పొడవు మారనంతవరకు సంఖ్య పెరిగేకొద్దీ ఈ హద్దు ఇంకా వెనకబడుతుంది. సంఖ్య రెట్టింపైతే వర్గమూలం 1.42 రెట్ల లోపే పెరుగుతుంది, పొడవు ఒక్క అంకె పెరుగుతుంది. రెండూ కలిసినా 1.6 రెట్లు దాటవు. అంటే 512 నుంచి పైన ఎక్కడా కుదరదు. 511 దాకా పట్టిక చూస్తే చాలు, అందులో ఆ నాలుగే ఉన్నాయి. అనంతమైన ప్రశ్న చిన్న పట్టికలోకి దిగివచ్చింది.

ఆరో మెట్టు: జల్లెడ రకం

బైనరీలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉన్నవాటికి ఓడియస్ సంఖ్యలనీ, సరి సంఖ్యలో ఉన్నవాటికి ఈవిల్ సంఖ్యలనీ పేరు. ఆటల గణితం రాసిన బెర్లెకాంప్, కాన్వే, గై పెట్టిన పేర్లివి. 0 నుంచి 7 దాకా విడదీస్తే 1, 2, 4, 7 ఒకవైపు, 0, 3, 5, 6 ఇంకోవైపు. రెండువైపులా కూడిక 14, వర్గాల కూడిక 70. ఈ సమతూకాన్ని 1851లో ప్రూహె గమనించాడు.

ఇప్పుడు భాజకాలను తెద్దాం. భాజకాలన్నీ ఓడియస్‌గా ఉండే సంఖ్యలేవి? 64 దాకా ఏరితే:

1, 2, 4, 7, 8, 11, 13, 14, 16, 19, 22, 26, 28, 31, 32, 37, 38, 41, 44, 47, 49, 52, 56, 59, 61, 62, 64.

21 ఓడియసే, కానీ 3 ఈవిల్ కాబట్టి జారిపోయింది. 25, 35, 55లను 5 లాగేసింది. ఇక్కడ వెంటనే రెండు విషయాలు రుజువవుతాయి. ఒక సంఖ్య ఇందులో ఉంటే దాని భాజకాలన్నీ ఉంటాయి, ఎందుకంటే భాజకానికి భాజకం కూడా అసలు సంఖ్యకు భాజకమే. ఒక సంఖ్య ఉంటే దాని రెట్టింపూ ఉంటుంది, కారణం మళ్లీ చివరి సున్నే. కాబట్టి బేసి సభ్యులు తెలిస్తే జాబితా అంతా తెలిసినట్టే: 1, 7, 11, 13, 19, 31, 37, 41, 47, 49, 59, 61.

అక్కడితో తేలిక దారి అయిపోతుంది. 7, 11, 13 మూడూ సభ్యులే. 7 × 7 = 49 సభ్యుడు. 7 × 13 = 91, బైనరీలో 1011011, ఐదు ఒకట్లు, అదీ సభ్యుడే. 7 × 11 = 77, బైనరీలో 1001101, నాలుగు ఒకట్లు, బయటికి. బేసి సంఖ్యలను గుణించేటప్పుడు చేతిలో మిగిలేవి ఒకదాని మీద ఒకటి పడి ఒకట్లను మింగేస్తాయి. ఎన్ని మింగుతాయో లెక్క చేసి చూడాల్సిందే. ఇక్కడ నియమం ఉందని నటించకుండా, ఇంతవరకే నిరూపించగలం అని రాయడం మంచి అనుక్రమకర్త లక్షణం.

ఏడో మెట్టు: రెండు లోకాలూ నిజంగా కలిసే చోటు

తన భాజకాలన్నీ కూడితే తనకు రెట్టింపు వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య: 6, 28, 496, 8128. వీటిని బైనరీలో రాయండి: 110, 11100, 111110000, 1111111000000. ముందు ఒకట్లు, తర్వాత వాటికన్నా ఒకటి తక్కువ సున్నలు. రెట్టింపు చేయడమంటే సున్న చేర్చడమే కాబట్టి, 28 భాజకాల కూడిక 111000 అయ్యి తీరాలి.

ఎందుకో చూడండి. 28 భాజకాలు రెండు గుంపులు: 1, 10, 100, ఆపైన 111, 1110, 11100. మొదటి గుంపు కూడిక 111, అంటే 7. రెండో గుంపు దానికి ఏడు రెట్లు, 49. మొత్తం 7 + 49 = 7 × 8 = 56. మూడు ఒకట్ల బదులు ఎన్ని ఒకట్లున్నా ఇదే లెక్క నడుస్తుంది, అయితే ఆ ఒకట్లతో ఏర్పడే సంఖ్య ప్రధాన సంఖ్య కావాలి. 11, 111, 11111, 1111111 ప్రధానాలే. పదకొండు ఒకట్ల 2047 మాత్రం 23 × 89గా విరిగిపోతుంది. ఈ దారి యూక్లిడ్ చూపించాడు, సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలాగే ఉంటాయని ఆయిలర్ నిరూపించాడు. బేసి పరిపూర్ణ సంఖ్య ఉందో లేదో ఈరోజుకీ తేలలేదు.

మన అనుక్రమం వీటి మీద ఏమంటుంది? 28 బేసి భాగం 7, మొత్తం(7) = 1 + 3 = 4, మూడు వరసలకు 12. అలాగే మొత్తం(6) = 2 × 3 = 6, మొత్తం(496) = 5 × 6 = 30, మొత్తం(8128) = 7 × 8 = 56. మూడో మెట్టులోని చిన్న నియమం ఇక్కడ ఇంత చక్కగా పలకడం నాకు చాలా ఇష్టం.

ఎనిమిదో మెట్టు: ఎవరైనా ముందే కనిపెట్టారా

నీల్ స్లోన్ 1964లో కార్నెల్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన సేకరణ 1973లో, 1995లో పుస్తకాలుగా వచ్చి, 1996లో ఆన్‌లైన్‌కు చేరింది. దాన్ని ఇప్పుడు అందరూ ఓఈఐఎస్ (పూర్ణాంకాల అనుక్రమాల ఆన్‌లైన్ విజ్ఞానకోశం) అంటారు. మీ అనుక్రమంలో మొదటి ఒకటి రెండు పదాలు వదిలేసి, తర్వాతి ఆరేడు పదాలు కామాలతో ఇచ్చి వెతకండి. మొదటి పదాల దగ్గర నిర్వచనాలు కొద్దిగా తేడా పడుతుంటాయి, అందుకే వాటిని వదలడం. ఈ మార్గదర్శిలోని మొత్తం అనుక్రమం, ఓడియస్ భాజకాల జాబితా రెండూ అక్కడ ఉన్నాయి. మీది దొరికితే నిరాశపడకండి. అక్కడ లేని సూత్రమో నిరూపణో మీ దగ్గరుంటే దాన్ని చేర్చమని పంపొచ్చు.

దొరక్కపోతే ఖాతా తెరిచి కొత్తగా ప్రతిపాదించొచ్చు. స్వచ్ఛందంగా పనిచేసే సంపాదకులు ప్రతి ప్రతిపాదననూ చదువుతారు. బైనరీ లాంటి రాత పద్ధతి మీద ఆధారపడిన అనుక్రమాలకు అక్కడ ప్రత్యేకంగా ‘బేస్’ అనే గుర్తు తగిలిస్తారు. నాలుగైదు షరతులు అతికించి తయారుచేసినవాటిని మాత్రం ఆదరించరు. నిర్వచనం ఒక్క వాక్యంలో పట్టాలి, కనీసం ఒక్క లక్షణమైనా నిరూపించి ఉండాలి అనే రెండు నియమాలు మీకు మీరే పెట్టుకుంటే ఆ ఇబ్బంది రాదు.

అభ్యాసానికి రెండు

1 తప్ప మిగతా భాజకాలన్నీ ఈవిల్‌గా ఉండే సంఖ్యలు ఏరండి. 2 ఓడియస్ కాబట్టి సరి సంఖ్యలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. 1ని పక్కన పెడితే 64 లోపు మీకు 3, 5, 9, 15, 17, 23, 27, 29, 43, 45, 51, 53 రావాలి. 33, 39, 57 ఎందుకు రాలేదో ఒక్కోదానికీ ఒక్క పదంలో కారణం రాయండి.

రెండోది కాస్త బరువైనది. 10 ఫ్యాక్టోరియల్‌ను (1 నుంచి 10 దాకా అన్నీ గుణిస్తే వచ్చేదాన్ని) 2తో ఎన్నిసార్లు నిశ్శేషంగా భాగించొచ్చు? 5 + 2 + 1 = 8 సార్లు. 10లో ఒకట్లు రెండు, 10 – 2 = 8. ఏ సంఖ్యకైనా జవాబు ఆ సంఖ్యలోంచి దాని ఒకట్లు తీసేస్తే వస్తుందని లెజాండ్ర్ సూత్రం చెబుతుంది. దీన్ని నిరూపించడానికి మొదటి మెట్టులోని సగం నియమాలు రెండూ చాలు.